రెండు పొట్టి గుర్రాలు – ఒక బడిపంతులు

మా తాతయ్య సంతలో ఎద్దును కొనేటప్పుడు ముందుగా పళ్ళు చూసేవాడు కాడు. పళ్ళూ, సుళ్ళూ, మూపురం, కొమ్ముల తీరూ చూసి చెప్పేవాళ్ళు సంతలో బోలెడుమంది ఉంటారు. తాతయ్య మాత్రం ఆ ఎద్దు ఏ ఊరిదో, ఏ నేల దున్నిందో, ఎండాకాలం ఏం తిని బతికిందో అడిగేవాడు. రేగడి చేలో అరక లాగిన ఎద్దయితే డొక్కలు కనబడుతున్నా మనసుపడేవాడు. తవుడూ చిట్టూ తిని నిగనిగలాడే ఎద్దును ఓసారి చేత్తో నిమిరి, ఊరుకుని ముందుకు సాగిపోయేవాడు. ఆ లెక్కేమిటో చిన్నప్పుడు నాకు బోధపడలేదు. కిందటేడు సెలవుల్లో ఏమే ఫెలిక్స్ చిఫెలీ అనే ఒక బడిపంతులు కథ చదివాక బోధపడింది.

దూరప్రయాణపు గుర్రపు స్వారీ అనగానే స్వారీ తెలిసినవాళ్ళు మొదట తలుచుకునే పేర్లలో చిఫెలీ పేరొకటి. 1925లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో గుర్రమెక్కి, 1928లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో దిగాడు. దూరం సుమారు 16,000 కిలోమీటర్లు. కాలం మూడేళ్ళ నాలుగైదు నెలలు. వెంట ఉన్నవి రెండే గుర్రాలు. దారిలో వాటిని మార్చలేదు, కొత్తవి కొనలేదు. ఇంత దూరం పోవడం గొప్పే. ఆ గుర్రాల్ని ఎంచుకోవడం అంతకన్నా గొప్పగా తోచింది నాకు. అందుకే మిత్రులకు ఆ ముచ్చట ముందు చెబుతాను.

చిఫెలీ 1895లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే ఇంగ్లండు చేరి అక్కడొక బడిలో పాఠాలు చెప్పాడు. ఫుట్‌బాల్ ఆడాడు, బాక్సింగ్ చేశాడు. తర్వాత ఓడెక్కి అర్జెంటీనా వెళ్ళి, బ్యూనస్ ఎయిర్స్ దగ్గర కీల్మెస్ అనే ఊళ్ళో ఇంగ్లీషు పద్ధతిలో నడిచే సెయింట్ జార్జ్ కాలేజీలో ఉపాధ్యాయుడయ్యాడు. జీతం ఉంది, గౌరవం ఉంది, సాయంత్రం ఆడుకోవడానికి మైదానం ఉంది. ఇంకొకరయితే అక్కడే పెన్షను దాకా కాలక్షేపం చేసేవారు. ఇతనికి మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ, ఇదే గదిలో ఇదే నల్లబల్ల ముందు ముసలివాణ్ణయిపోతానేమోనని భయం పట్టుకుంది. ముప్పయ్యేళ్ళు దగ్గరపడుతుండగా ఒక ఊహ పుట్టింది. దక్షిణ అమెరికా కింది భాగం నుంచి ఉత్తర అమెరికా దాకా గుర్రం మీద పోవాలి. ఊహ బాగానే ఉంది. మరి గుర్రం?

మనలో ఎవరినైనా అడిగి చూడండి. అంత దూరానికి ఎలాంటి గుర్రం కావాలంటే పొడుగాటి కాళ్ళు, విశాలమైన ఛాతీ, మెరిసే చర్మం, నాలుగైదేళ్ళ వయసు అంటాం. ఆ రోజుల్లో అర్జెంటీనా ఆసాములూ అలాగే అనుకునేవారు. యూరప్ నుంచి ఖరీదైన మగ గుర్రాల్ని తెప్పించి, నాటు ఆడగుర్రాలతో కలిపేవారు. పుట్టిన పిల్లలు ఎత్తుగా, అందంగా ఉండేవి. అలా చేసి చేసి అసలు నాటుజాతి అంతరించే స్థితికి వచ్చింది. మన ఊళ్ళల్లో పాలకోసం సీమ ఆవుల్ని తెచ్చి, నాటు ఆవుల్ని గాలికి వదిలేసిన కథ గుర్తొస్తుంది నాకు.

ఆ నాటుజాతి పేరు క్రియోల్లో. దాని పుట్టుక జీవశాస్త్రం చదివేవాళ్ళు తెలుసుకోవలసింది. 1536 ప్రాంతంలో పెద్రో ద మెందోసా అనే స్పెయిన్ దొర బ్యూనస్ ఎయిర్స్ ఊరు కట్టడానికి వచ్చినప్పుడు ఓడల్లో గుర్రాల్ని తెచ్చాడు. ఆకలికీ యుద్ధాలకీ తట్టుకోలేక కొన్నేళ్ళకే స్పెయిన్ వాళ్ళు ఆ ఊరు విడిచిపోయారు. విడిచిపెట్టిన గుర్రాలు పంపా మైదానాల్లో అడవి మందలయ్యాయని చెబుతారు. ఇక వాటికి కొట్టం లేదు, దాణా లేదు, మందు వేసే మనిషి లేడు. కరువొస్తే బలహీనమైనవి పోయాయి. చలికి ఆగలేనివి పోయాయి. నీళ్ళెక్కడున్నాయో పసిగట్టలేనివి పోయాయి. మిగిలినవే పిల్లల్ని పెట్టాయి. మనం క్లాసులో ప్రకృతి వరణం అని నోట్సు రాసుకుంటామే, అది సుమారు నాలుగు వందల ఏళ్ళు ఆ మైదానాల్లో రోజూ జరిగింది. ఫలితంగా వచ్చిన గుర్రం పొట్టిది, గట్టి ఎముకది, గట్టి గిట్టది. వీపు దాకా కొలిస్తే మీటరున్నరకు కొంచెం తక్కువే.

ఈ జాతిని కాపాడాలని కంకణం కట్టుకున్నవాడు ఎమీలియో సొలానెట్. ఆయన పశువైద్యుడు, బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయాకుచో అనే ఊరి దగ్గర ఎల్ కార్దాల్ అనే ఆయన పశుక్షేత్రం ఉంది. స్వచ్ఛమైన క్రియోల్లో రక్తం ఎక్కడ మిగిలిందా అని వెతుక్కుంటూ ఆయన దక్షిణాన పటగోనియా దాకా పోయాడు. ఆ గాలివాటు బీడుభూముల్లో తెహుయెల్చే జాతివారి దగ్గర కలుషితం కాని మందలు దొరికాయి. అక్కణ్ణుంచి గుర్రాల్ని కొని, వందలాది మైళ్ళు నడిపించి ఎల్ కార్దాల్‌కి తోలించాడు.

చిఫెలీ తన ఊహ చెప్పుకోవడానికి వెళ్ళింది ఈయన దగ్గరికే. దేశమంతా నవ్వుకున్న ఊహ అది. పత్రికల్లో కొన్ని పిచ్చివాడన్నాయి. సొలానెట్ మాత్రం నవ్వలేదు. నాటుగుర్రం గొప్పతనాన్ని వ్యాసాలు రాసి నిరూపించడం కన్నా ఇలా నిరూపించడమే మేలని ఆయనకు తోచి ఉంటుంది. డబ్బు పుచ్చుకోకుండా రెండు గుర్రాల్ని ఇచ్చాడు. ఒకదాని పేరు మాంచా. మాంచా అంటే మచ్చ. ఎరుపు మీద తెల్ల మచ్చలుండేవి. రెండోదాని పేరు గాటో. గాటో అంటే పిల్లి. దానిది పాలు కలిపిన కాఫీ రంగు. పటగోనియాలో లియెంపిచూన్ అనే తెహుయెల్చే నాయకుడి మందలోనివి రెండూ.

ఇక్కడే అసలు సంగతి. ఆ రెండింటికీ పదిహేనేళ్ళు పైబడ్డాయి. సాధారణంగా గుర్రాన్ని పనిలోంచి తప్పించే ఆలోచన మొదలయ్యే వయసు. చూపుకు మోటుగా ఉన్నాయి. తలలు బండగా, మెడలు లావుగా ఉన్నాయి. ఎక్కనివ్వడమే కష్టం. వాటిని లొంగదీయడానికి చేయితిరిగిన రౌతులు కొందరు నానాతంటాలు పడ్డారు. మన సంతలో ఇలాంటి జతను నిలబెడితే బేరగాళ్ళు వెక్కిరించి పోయేవాళ్ళు. కానీ సొలానెట్ లెక్క వేరు. ఇవి పటగోనియాలో పుట్టి పెరిగాయి. గడ్డకట్టే చలి చూశాయి, ఆకలి చూశాయి. అక్కణ్ణుంచి ఎల్ కార్దాల్ దాకా నడిచి వచ్చాయి. పదిహేనేళ్ళ వయసంటే పదిహేను చలికాలాలు దాటినట్టు. వయసు కూడా ఒక పరీక్షే, అందులో అవి ప్యాసయ్యాయి.

ఒక చిన్న ముచ్చట చెబితే ఆ గుర్రాలేమిటో తెలుస్తుంది. పట్టణంలో కొట్టంలో కట్టి, చిఫెలీ వాటి ముందు మంచి మేత పెట్టించాడు. లూసర్న్ గడ్డి, బార్లీ, ఓట్లు. రెండూ వాటివంక చూడనైనా చూడలేదు. కింద పడుకోవడానికని పరిచిన ఎండుగడ్డిని మాత్రం కరకర నమిలి తినేశాయి. చూసినవాళ్ళకు ఇది మొరటుతనంగా కనిపించి ఉంటుంది. ఆలోచిస్తే, దారిలో ఏది దొరికితే అది తిని బతకగల గుర్రం ఇదేనని అక్కడే తేలిపోయింది. బార్లీ లేకపోతే నడవని గుర్రం బార్లీ దొరికే ఊరి పొలిమేర దాకానే పనికొస్తుంది.

1925 ఏప్రిల్ ఆఖరి వారంలో ప్రయాణం మొదలైంది. ఒకదాని మీద తాను, రెండోదాని మీద మూట. మర్నాడు తారుమారు. ఇలా భారం పంచి నడిపించాడు. ఒకే గుర్రం తీసుకోకుండా జత తీసుకోవడంలో ఇంకో లాభం ఉంది. రెండూ ఒకే మందవి కనుక ఒకదాన్ని విడిచి ఇంకొకటి పోదు. రాత్రిపూట ఒకదాన్ని కట్టేస్తే రెండోది పక్కనే మేస్తుంది. కాడి ఎద్దుల్ని చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు.

రెండింటి స్వభావాలూ వేరు. మాంచా కాపలాకుక్క లాంటిది. చెవులెప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటాయి. కొత్తవాణ్ణి దగ్గరికి రానివ్వదు, చిఫెలీ తప్ప ఇంకొకరు ఎక్కితే ఊరుకోదు. గాటో నెమ్మది. ఒకసారి లొంగాక మారుమాట లేకుండా చెప్పిన పని చేసేది. కానీ దానికొక విద్య ఉంది. కింద నేల గట్టిదా, ఊబా అన్నది దానికి తెలిసిపోయేది. ఆండీస్ పీఠభూమి మీద ఒకచోట అడ్డంగా నీటి మడుగు వచ్చింది. చిఫెలీ గాటోను అందులోకి దింపబోయాడు. అది కదల్లేదు. మడమలతో పొడిచాడు, కోప్పడ్డాడు. అయినా కదల్లేదు. ఇంతలో ఆ ప్రాంతపు మనిషి ఒకడు పరుగున వచ్చి, అది మనుషుల్నీ పశువుల్నీ మింగే ఊబి అని చెప్పి వేరే దారి చూపించాడు. అప్పటినుంచి గాటో మొండికేస్తే చిఫెలీ బలవంతపెట్టడం మానేశాడు. నాకీ భాగం ఎంతో నచ్చింది. అంతవరకూ అతను రౌతు. ఆ రోజునుంచి విద్యార్థి. ఉపాధ్యాయుడు గాటో.

బొలీవియాలో ఎల్ కొందోర్ అనే కనుమ దాటారు. దాని ఎత్తు 5,900 మీటర్లని చిఫెలీ లెక్క. సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 5,500 మీటర్ల ఎత్తులోనే గాలి ఒత్తిడి సగానికి పడిపోతుందని ఫిజిక్సులో చదువుకున్నాం. ఊపిరికి అందే ప్రాణవాయువు కూడా అదే లెక్కన తగ్గుతుంది. చలి సున్నాకి ఎంతో దిగువన ఉంది. అలాంటి చోట అతను గుర్రాల్ని తొందరపెట్టలేదు. అవి ఆగినచోట ఆగాడు, అవి ఊపిరి తీసుకున్నాక నడిచాడు. చాలాచోట్ల తాను దిగి పక్కన నడిచాడు.

పెరూలో లోయల మీద తీగవంతెనలు. అడుగు వేస్తే ఉయ్యాలలా ఊగుతాయి, పక్కన పట్టుకోవడానికేమీ ఉండదు. ఒక్కొక్కదాన్ని బుజ్జగించి దాటించాడు. ఒక కొండదారిలో గాటో కాలుజారి దొర్లిపోయింది. కింద అగాధం. అంచునున్న ఒక చెట్టు అడ్డుపడి ఆగింది. కిందికి దిగి, దాన్ని తాళ్ళతో కట్టి, ఆ దారినపోయేవాళ్ళ సాయంతో పైకి లాగారు. అంత జరిగినా గాటో బెదిరి గింజుకోలేదు. గింజుకుని ఉంటే ఇద్దరూ పోయేవారే.

తర్వాత పెరూ తీరపు ఎడారి. అక్కడ మాతాకబాల్లో అనే ఇసుకమేట ఉంది. గుర్రాల్ని చంపేది అని దాని పేరుకు అర్థం. సుమారు 150 కిలోమీటర్లు చుక్క నీరు లేదు. నీళ్ళు మోసుకెళ్తే ఆ బరువే గుర్రాల్ని చంపుతుందని లెక్కవేసి, వాటికోసం నీళ్ళు తీసుకోకుండానే చల్లబడ్డాక బయలుదేరాడు. ఇరవై గంటల్లో దాటారు. చివర్లో నదివాసన తగిలేసరికి గుర్రాలు వాటంతటవే పరుగందుకున్నాయి. ఇది తెగింపులా కనబడుతుంది గానీ, తన గుర్రాల శక్తి ఇంత అని తెలిసిన మనిషి వేసిన లెక్క అది.

ఈక్వడార్, కొలంబియా అడవుల్లో రాత్రిళ్ళు గబ్బిలాలు గుర్రాల నెత్తురు పీల్చేవి. కొలంబియా నుంచి పనామాకు నేలదారి లేదు కనుక ఓడెక్కించాడు. నికరాగ్వాలో అంతర్యుద్ధం కావడంతో కోస్టారికా నుంచి సాల్వడార్‌కు మళ్ళీ ఓడే. మెక్సికో దక్షిణాన ఒక కంచరగాడిద తన్నడంతో గాటో కాలు చెడింది. ఇక పనికిరాదు, కాల్చేయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. చిఫెలీ వినలేదు. దాన్ని రైల్లో మెక్సికో నగరానికి పంపి వైద్యం చేయించాడు. తాను మాంచాతో కొండలు దాటి వచ్చేసరికి గాటో కోలుకుంది. నెలల తర్వాత రెండూ కలుసుకున్నాయి.

అమెరికాలో అడుగుపెట్టాక కొత్త శత్రువు ఎదురైంది. మోటారుకార్లు. పర్వతాలనూ ఎడారులనూ దాటిన గుర్రాలకు తారురోడ్డే ఎక్కువ ప్రమాదకరమైంది. రెండింటినీ ఆ రద్దీలో నడపలేక గాటోను సెయింట్ లూయిస్‌లో వదిలి, మాంచా మీద ముందుకు పోయాడు. కారు ఒకటి గుద్దేసింది కూడా. ఎలాగో వాషింగ్టన్ చేరాడు. అధ్యక్షుడు కూలిడ్జ్ పిలిచి అభినందించాడు. 1928 సెప్టెంబరు 20న న్యూయార్క్‌లో అడుగుపెట్టాడు. అక్కడి మేయరు జిమ్మీ వాకర్ సత్కరించాడు. ఆ తేదీనే అర్జెంటీనా 1999లో జాతీయ అశ్వదినోత్సవంగా ప్రకటించుకుంది.

అప్పటికి చిఫెలీ దగ్గర డబ్బు లేదు. గుర్రాలకు మాత్రం పేరొచ్చింది. వాటిని అక్కడే ఉంచేస్తే అతనికి ఖర్చు తప్పేది, నాలుగు డాలర్లు కూడా వచ్చేవి. అతను ఒప్పుకోలేదు. అవి పుట్టిన దేశానికే తీసుకుపోతానన్నాడు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గుర్రాల ప్రదర్శనలో వాటిని చూపించడం కోసం తన ప్రయాణం కొద్దిరోజులు వాయిదా వేసుకున్నాడు. ముందనుకున్న ఓడ పేరు వెస్ట్రిస్. 1928 నవంబరులో అది సముద్రంలో మునిగింది. వందమందికి పైగా పోయారు. ఊబి దగ్గర ఒకసారి, ఓడ దగ్గర ఒకసారి గుర్రాలే అతణ్ణి కాపాడాయని అనుకుంటాను.

తర్వాత వేరే ఓడలో ముగ్గురూ అర్జెంటీనా చేరారు. మాంచా, గాటో ఎల్ కార్దాల్ పచ్చికలో విశ్రాంతి తీసుకున్నాయి. చిఫెలీ మాత్రం బడికి తిరిగి పోలేదు. ఇంగ్లండులో స్థిరపడి 1933లో తన యాత్రాగ్రంథం అచ్చువేయించాడు. ఆ కథనే గుర్రాలు చెబుతున్నట్టుగా పిల్లలకోసం ఇంకో పుస్తకం రాశాడు. స్కాట్లండు రచయిత కనింగ్‌హామ్ గ్రాహమ్ స్నేహితుడై, ఆయన జీవితచరిత్ర కూడా రాశాడు. ఏళ్ళ తరవాత ఒకసారి ఎల్ కార్దాల్ వెళ్ళి, దూరంనుంచి పేరుపెట్టి పిలిస్తే ముసలి గుర్రాలు రెండూ గొంతు గుర్తుపట్టి దగ్గరికొచ్చాయట.

గాటో 1944లో చనిపోయింది, మాంచా 1947లో. రెండూ ముప్పయ్యయిదేళ్ళు దాటి బతికాయి. పనికిరాని వయసన్న రోజునుంచి లెక్కేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు. వాటి చర్మాల్ని నింపి నిలబెట్టిన రూపాల్ని లుహాన్ మ్యూజియంలో భద్రపరిచారు. చిఫెలీ 1954లో లండన్‌లో కన్నుమూశాడు. 1998లో అతని అవశేషాల్ని ఎల్ కార్దాల్‌కు తెచ్చి, ఆ గుర్రాల దగ్గరే ఉంచారు.

చదువుతున్నంతసేపూ నాకొక సంగతి మనసులో మెదిలింది. మా ఇంట్లో ఆఖరి ఎద్దుల జతను నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మేశాం. దుక్కికి ట్రాక్టరు బాడుగకు తెస్తున్నాం, రెండు ముసలి ఎద్దుల్ని మేపడమెందుకని నాన్న అన్నాడు. నాన్నది తప్పనను. అక్క పెళ్ళి బాకీ ఉంది, నా చదువుంది. వాటిని రేగడిలో పని చూసి ఏరి తెచ్చింది తాతయ్యే. ప్రతి ఎద్దూ ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగే తాతయ్య, ఆ రోజు అవి ఎక్కడికి పోతున్నాయో మాత్రం అడగలేదు. బండి మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత కొట్టంలోకి పోయి ఖాళీ గాటిపాటను చీపురుతో శుభ్రంగా ఊడ్చాడు. మర్నాడు కూడా ఊడ్చాడు.

మంచి గుర్రాన్ని ఎంచుకోవడం ఒక విద్య. అది సొలానెట్‌కు వచ్చు, మా తాతయ్యకూ వచ్చు. ఎంచుకున్నాక దాని మాట వినడం ఇంకో విద్య. అది చిఫెలీ దారిలో నేర్చుకున్నాడు. పని అయిపోయాక దాన్ని ఇంటికి చేర్చడం మూడోది. అందుకు విద్య ఒక్కటే చాలదు, చేతిలో నాలుగు డబ్బులుండాలి, లేదా చిఫెలీకున్నంత మొండితనముండాలి. మా తాతయ్యకు ఆ రోజు రెండూ లేకపోయాయి. ఈ కథ ఆయనకు చదివి వినిపించాలనుంది. కానీ ఆయన పోయి నాలుగేళ్ళయింది. అందుకని మీకు చెప్పాను.